మోడల్ కిట్లకు మొదటి ఎయిర్‌బ్రష్, కంప్రెసర్: ఎంచుకోవడం దగ్గర నుంచి మొదటి తుంపర దాకా

బొమ్మ విమానాలు, కార్ల లాంటి మోడల్ కిట్లకు రంగు వేయడానికి మొదటి ఎయిర్‌బ్రష్ (గాలి జోరుతో రంగును సన్నటి తుంపరగా కొట్టే పరికరం) కొనేవాళ్లలో చాలామంది ఒకే తప్పు చేస్తారు. నెలల తరబడి ఎయిర్‌బ్రష్‌ల గురించే చదువుతారు. నాజిల్ (రంగు బయటికొచ్చే మొన) 0.2 మిల్లీమీటర్లా, 0.3 మిల్లీమీటర్లా అని తల బద్దలు కొట్టుకుంటారు. ఉన్న డబ్బంతా దానికే పెట్టేసి, కంప్రెసర్ దగ్గరికి వచ్చేసరికి ‘గాలి కొట్టేదేగా, ఏదైతేనేం’ అని దొరికింది తెచ్చుకుంటారు. నేనూ అంతే. నా మొదటి కంప్రెసర్ అరచేతిలో ఇమిడేంత ఉండేది. గాలి నిలవుండే ట్యాంకు లేదు, ప్రెషర్ తగ్గించుకునే వీలు లేదు. దానికి తగిలించిన ఎయిర్‌బ్రష్ మాత్రం మహా మంచిది. 1/72 (అసలుదానిలో డెబ్బై రెండో వంతు సైజు) విమానం రెక్క మీద సన్నగా గీత లాగబోతే, మోటారు కొట్టుకున్నప్పుడల్లా గీత లావెక్కి, మళ్లీ సన్నబడి, పూసలదండలా వచ్చేది. ఆర్నెల్లపాటు నా చెయ్యే కుదరడం లేదనుకున్నాను.

అందుకే ఇందులో పెద్ద భాగం గాలి గురించే ఉంటుంది. గాలి నిలకడగా ఉంటే మధ్యరకం ఎయిర్‌బ్రష్‌తోనూ చక్కటి పని తీయొచ్చు. గాలే కుదురుగా లేకపోతే ఎంత ఖరీదైన ఎయిర్‌బ్రష్ అయినా ఏమీ చేయలేదు.

1. ముందు మీ బల్ల మీద ఏముందో చూసుకోండి

‘ఏది కొనమంటారు?’ అని ఎవరైనా అడిగితే నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను. ఏ సైజు మోడళ్లు చేస్తారు? ఏ రంగులు వాడతారు?

సైజు సంగతి తేలిక. 1/24 కారు బాడీకి నిగనిగలాడే పూత ఒకే తడి పొరగా పరుచుకోవాలి కాబట్టి తుంపర వెడల్పుగా, రంగు ధారాళంగా రావాలి. 1/35 యుద్ధట్యాంకులకు, 1/48 విమానాలకు అన్ని రకాల పనీ ఉంటుంది: మొత్తానికి ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగుపూత), దాని మీద కామోఫ్లాజ్ మచ్చలు, ప్యానెల్ గీతల వెంట సన్నటి నీడలు. 1/72 విమానాలు, వేలెడంత మనుషుల బొమ్మలు చేసేవాళ్లకు సన్నపనే ఎక్కువ.

రంగు సంగతే చాలామంది పట్టించుకోరు. వయేహో లాంటి నీటి ఆక్రిలిక్ రంగులు త్వరగా ఆరతాయి. బొమ్మ మీద ఆరడం మంచిదే కానీ, అవి ఎయిర్‌బ్రష్ లోపలి సూది కొన మీద కూడా అంతే త్వరగా ఆరిపోతాయి. మిస్టర్ కలర్ లాంటి లాకర్ రంగులు మెత్తగా నూరినట్టుండి, సన్నటి నాజిల్లోంచి కూడా జారిపోతాయి. అయితే వాటి వాసన ఘాటు, వాటి థిన్నర్ (రంగును పలచన చేసే ద్రవం) రబ్బరు వాషర్లను తినేస్తుంది. టమియా ఆక్రిలిక్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది: పేరుకు ఆక్రిలిక్కే అయినా ఎక్స్-20ఏ అనే సొంత థిన్నర్‌తో కలిపితేనే చెప్పిన మాట వింటుంది. ఎనామెల్ నిదానంగా ఆరుతుంది కాబట్టి ఎయిర్‌బ్రష్‌లో పెద్దగా పేచీ పెట్టదు, బొమ్మ మీద ఆరడానికే ఓపిక కావాలి.

కాబట్టి ఎవరైనా ‘నాకు 0.2 అద్భుతంగా పనిచేస్తోంది’ అంటే, ఏ రంగుతో అని అడగండి. లాకర్‌తో అనుభవం చెప్పేవాళ్ల సలహా విని నీటి ఆక్రిలిక్ వాడేవాళ్లు 0.2 కొంటే, రంగు వేసే సమయం కన్నా సూది తుడుచుకునే సమయం ఎక్కువవుతుంది.

2. ఎయిర్‌బ్రష్ రకం

ఇక్కడ తర్జనభర్జన అక్కర్లేదు. డ్యూయల్ యాక్షన్, గ్రావిటీ ఫీడ్ తీసుకోండి. ఎందుకో చెప్తాను.

సింగిల్ యాక్షన్‌లో మీట నొక్కితే గాలీ రంగూ కలిసే వస్తాయి. ఎంత రంగు రావాలన్నది ముందే మర తిప్పి పెట్టుకోవాలి. డ్యూయల్ యాక్షన్‌లో మీటను కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. ఎంత లాగితే అంత. కొత్తవాళ్లకు సింగిల్ యాక్షనే సులువని చెప్పేవాళ్లున్నారు. నాకది సరైన సలహా అనిపించదు. వేలు ఆ రెండు కదలికలకు అలవాటు పడటానికి రెండు మూడు సాయంత్రాలు చాలు. సింగిల్ యాక్షన్ కొన్నవాళ్లు ఏడాది తిరక్కుండా రెండోది కొంటారు. ఒక్క ప్రైమరూ వార్నిషూ కొట్టుకోవడానికే అయితే వేరే సంగతి. 1904లో మొదలైన అమెరికా కంపెనీ పాషె తయారుచేసే ‘హెచ్’ మోడల్ అలాంటి పనికి గట్టిది. అందులో గాలీ రంగూ బయటే కలుస్తాయి, కడగడం నిమిషాల పని.

గ్రావిటీ ఫీడ్ అంటే రంగు కప్పు పైన ఉండేది. రంగు తన బరువుతోనే కిందికి దిగుతుంది కాబట్టి తక్కువ ప్రెషర్ చాలు, నాలుగు చుక్కలు పోసి కూడా పని చేసుకోవచ్చు. సీసా కింద వేలాడే సైఫన్ రకంలో రంగును పైకి లాగడానికి గాలి జోరు పెంచాలి, సీసాలో అడుగున మిగిలిన రంగు వృథా. ఒకే రంగు పెద్దపెద్ద వస్తువులకు కొట్టేవాళ్లకు అది బాగుంటుంది. కప్పు 7 నుంచి 10 మిల్లీలీటర్లుంటే అన్నిటికీ సరిపోతుంది. కప్పుకు మూత ఉందో లేదో చూసుకోండి. బొమ్మ కింది భాగం కొట్టడానికి ఎయిర్‌బ్రష్ వంచినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

మీట పైన కాకుండా పిస్టల్ ట్రిగ్గర్‌లా ఉండేవి కూడా ఉన్నాయి. వేళ్ల నొప్పులున్నవాళ్లకు అవి నిజంగా హాయి.

3. నాజిల్ సైజు: అందరూ పొరబడే చోటు

నాజిల్ సైజు గీత వెడల్పు కాదు. 0.3 నాజిల్ 0.3 మిల్లీమీటర్ల గీత గీయదు.

లోపల జరిగేది ఇది. నాజిల్ చివరి రంధ్రంలో సూది బిరడాలా కూర్చుని ఉంటుంది. మీట వెనక్కి లాగితే సూది కాస్త జరుగుతుంది, సూదికీ నాజిల్ అంచుకీ మధ్య గుండ్రటి సందు ఏర్పడుతుంది. రంగు ఆ సందులోంచే రావాలి. చుట్టూ జోరుగా పోయే గాలి దాన్ని లాక్కుని తుంపరగా చీల్చేస్తుంది. మీరు వెంట్రుకవాసి లాగితే సందు కూడా వెంట్రుకవాసే, అది 0.2 అయినా 0.5 అయినా. అలవాటైన చేతిలో 0.4 నాజిల్ కూడా సన్నటి గీత గీస్తుంది.

మరి 0.2 ఎందుకు? చిన్న నాజిల్లో మీట కొద్దిగా ఎక్కువ లాగినా రంగు ఒక్కసారిగా దూకదు. సన్నపనిలో చేతికి కాస్త వెసులుబాటు. దానికి చెల్లించే మూల్యం: రంగు మరీ పలచగా, నలక లేకుండా ఉండాలి, సూది కొన మీద త్వరగా ఆరిపోతుంది, మెటాలిక్ రంగుల్లోని పెద్ద రేణువులు ఇరుక్కుంటాయి, సూది కొన చిన్న తాకిడికే వంగుతుంది.

మొదటిదానికి 0.3 లేదా 0.35 సరైనది. ఐవాటా నియో సీఎన్, ఎక్లిప్స్ సీఎస్ రెండూ 0.35. మిస్టర్ హాబీ వాళ్ల ప్రోకాన్ బాయ్ పీఎస్-289 మోడల్ 0.3. కారు బాడీలు, ప్రైమర్లు ఎక్కువ కొట్టేవాళ్లు 0.4, 0.5 వైపు చూడొచ్చు. బ్యాడ్జర్ పేట్రియట్ 105 చాలా ఏళ్లుగా 0.5 సైజుతోనే పేరు తెచ్చుకుంది, మందపాటి రంగుకు కూడా మొండికేయదు. జర్మనీ కంపెనీ హార్డర్ అండ్ స్టీన్‌బెక్ ఎయిర్‌బ్రష్‌లలో చాలావాటికి సూది, నాజిల్ జత మార్చుకుని ఒకే బాడీతో రెండు సైజులు వాడుకోవచ్చు. ఇప్పుడు 0.4తో మొదలుపెట్టి తర్వాత 0.2 జత కొనుక్కోవాలనుకునేవాళ్లకు ఆ దారి కలిసొస్తుంది.

4. నాజిల్ ఎలా కూర్చుంటుందో అడగండి

దీని గురించి దుకాణంలో ఎవరూ చెప్పరు కానీ, రోజూ వాడేటప్పుడు తెలిసే తేడా ఇదే. నాజిల్ రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి మరలున్నది: బియ్యపు గింజంత ముక్కను చిన్న పానాతో బిగించాలి. రెండోది మరల్లేనిది: దాన్ని గూట్లో పెట్టి ముందువైపు టోపీ బిగిస్తే అదే సర్దుకుంటుంది. ఎక్లిప్స్, పేట్రియట్, హార్డర్ అండ్ స్టీన్‌బెక్ ఈ రెండో రకం.

నేను మరల నాజిల్‌ని పానాతో ‘ఇంకాస్త గట్టిగా ఉంటే మంచిది’ అని ఒక్క పావు తిప్పు ఎక్కువ తిప్పాను. టిక్ మని చిన్న చప్పుడు. తల నా పానాలో, మర బాడీ లోపల. ఆ మరముక్కను తీయించడానికి పడ్డ పాట్లు చెప్పుకుంటే అదో పెద్ద కథ. మరల రకం చెడ్డదని కాదు. తగిలేదాకా వేళ్లతో తిప్పి, పానాతో ఊరికే ఆనించి వదిలేయాలి. మొదటిసారి కొనేవాళ్లకు మాత్రం మరల్లేని రకం మనశ్శాంతి.

ఇంకో సంగతి విడిభాగాలు. సూది ఏదో ఒకరోజు కింద పడుతుంది, వంగుతుంది. నాజిల్ అంచు సాగుతుంది లేదా చీలుతుంది. అప్పుడు మీ మోడల్‌కు సరిగ్గా సరిపోయే సూది, నాజిల్, వాషర్లు విడిగా దొరుకుతాయా? కొనేముందే వెతికి చూసుకోండి. పేరులేని చవక ఎయిర్‌బ్రష్‌లలో కొన్ని నిజంగానే బాగా పనిచేస్తాయి. చిక్కంతా ఒకే అచ్చులా కనిపించే రెండింటి నాజిళ్లు కూడా ఒకదానికొకటి పట్టకపోవడంలో ఉంది. చవకది కొంటే రెండు నాజిళ్లు, రెండు సూదులు అప్పుడే కలిపి తెచ్చుకోండి, లేదా అది నేర్చుకోవడానికి మాత్రమే అనుకోండి. లాకర్ వాడే ఉద్దేశం ఉంటే లోపలి వాషర్లు మామూలు రబ్బరువా, టెఫ్లాన్‌వా అని తప్పక చూడండి.

మీట వెనక్కి లాగేటప్పుడు ఎక్కడా పట్టకూడదు, వదలగానే టక్కున వెనక్కి రావాలి. పాతది కొంటుంటే వెనక పిడి విప్పి సూది మర వదులు చేసి, సూదిని మెల్లగా బయటికి లాగి, అద్దం మీద పెట్టి వేలితో దొర్లించండి. తిన్నగా ఉన్న సూది కొన అద్దానికి అంటుకుని తిరుగుతుంది, వంగినది ఎగిరెగిరి పడుతుంది. భూతద్దంలో నాజిల్ అంచు చూడండి. అంచు గుండ్రంగా ఉండాలి, కోడిగుడ్డు ఆకారం గానీ చీలిక గానీ ఉంటే నాజిల్ మార్చే ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

గాలి తగ్గించే మర, సూది ఎంతవరకు జరగాలో ఆపే మర, వెనక కోసిన పిడి, కిరీటం ఆకారపు టోపీ ఉంటే మంచిదే. వాటికోసం ఎక్కువ డబ్బు పెట్టకండి.

5. కంప్రెసర్: అసలు ఖర్చు ఇక్కడ పెట్టండి

మోడళ్ల పనికి గాలి ఎక్కువ అక్కర్లేదు. 0.3 ఎయిర్‌బ్రష్‌కు పని ప్రెషర్ ఎక్కువగా 15 నుంచి 25 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) మధ్య ఉంటుంది. కొందరు బార్‌లలో చెప్తారు, 1 బార్ అంటే 14.5 పీఎస్ఐ. కావలసింది జోరు కాదు, నిలకడ.

పిస్టన్ గాలిని ఒక్కో గుక్కగా తోస్తుంది. ట్యాంకు లేకపోతే ఆ గుక్కలు గొట్టం దాటి నాజిల్ దాకా వస్తాయి. నా పూసలదండ గీత అలా వచ్చిందే. ట్యాంకు ఉంటే గాలి ముందు అందులోకి చేరి, అక్కణ్నుంచి ప్రెషర్ తగ్గించి పెట్టే రెగ్యులేటర్ దాటి సమంగా వస్తుంది.

ట్యాంకు ఎంత ఉండాలి? దీనికి చిన్న లెక్క ఉంది. ఎయిర్‌బ్రష్ పనికి ఎక్కువగా కనిపించే కంప్రెసర్ ఏఎస్-186 అనే రకం. రకరకాల బ్రాండ్ల ముద్రతో అదే యంత్రం దొరుకుతుంది: నూనె అక్కర్లేని ఒక పిస్టన్, 3 లీటర్ల ట్యాంకు, నిమిషానికి 20 లీటర్ల పైచిలుకు గాలి. ట్యాంకులో 4 బార్ రాగానే ఆగుతుంది, 3 బార్‌కు దిగగానే మళ్లీ మొదలవుతుంది. ట్యాంకులో ఒక బార్ తగ్గిందంటే 3 లీటర్ల గాలి వాడేశామన్నమాట. మీ ఎయిర్‌బ్రష్ నిమిషానికి 12 లీటర్లు తీసుకుంటుందనుకోండి, మోటారు 15 సెకన్లకే మళ్లీ మొదలవుతుంది. అంటే ఆ చిన్న ట్యాంకు గాలిని దాచుకోవడానికి కాదు, అలలు అణచడానికి. ఆ పనికి 3 లీటర్లు చాలు.

ఇప్పుడు వర్క్‌షాపుల్లో వాడే 24 లీటర్ల కంప్రెసర్ తీసుకోండి. నిండాక స్విచ్ కట్టేసి 8 బార్ నుంచి 2 బార్‌కు దిగేదాకా వాడితే 144 లీటర్లు, అదే ఎయిర్‌బ్రష్‌కు 12 నిమిషాలు మోటారు చప్పుడే ఉండదు. కానీ మోటారు తిరిగే ఆ కాసేపూ 80, 90 డెసిబెల్స్ దాకా మోత మోగిస్తుంది. విడి షెడ్డు ఉన్నవాళ్లకు, పగటిపూట నింపుకుని రాత్రి వాడుకునేవాళ్లకు అది మంచి బేరమే. ఇంట్లో పిల్లలు పడుకున్నాక గాని తీరిక దొరకనివాళ్లకు కాదు. నూనె పోసే రకమైతే గాలితోపాటు నూనె తుంపర కూడా వస్తుంది, ఫిల్టర్ ఉండాల్సిందే. 8 బార్ గాలిని రెగ్యులేటర్ లేకుండా నేరుగా ఎయిర్‌బ్రష్‌కు ఇవ్వకండి.

ఏఎస్-186 లాంటివి 50 డెసిబెల్స్ అటూఇటూ అని పెట్టె మీద రాస్తారు. ఆ అంకె కన్నా అది నిలబడే చోటు ముఖ్యం. బోలు చెక్క బల్ల మీద పెడితే బల్ల డప్పులా మోగుతుంది. నేల మీద మందపాటి రబ్బరు చాప వేసి దానిమీద పెట్టండి, సగం గొడవ తగ్గుతుంది.

బ్యాటరీతో నడిచి ఎయిర్‌బ్రష్ అడుగునే తగిలించుకునే చిన్న కంప్రెసర్ల మీద అందరి కన్నూ పడుతుంది. వైరు లేదు, గొట్టం లేదు, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. ప్రైమర్ కొట్టడానికి, ప్రయాణాల్లో చిన్న పనికి ఓకే. చాలావాటిలో ట్యాంకు ఉండదు, ప్రెషర్ అరకొరగా తప్ప మార్చుకోలేం, తేమ పట్టే చోటే లేదు. మొదటి కంప్రెసర్‌గా మాత్రం వద్దు. గాలి డబ్బాలూ అంతే. లోపలి ద్రవం ఆవిరయ్యేకొద్దీ డబ్బా చల్లబడి ప్రెషర్ పడిపోతుంది, కాసేపు ఆపి వేచి ఉండాలి. ఒకటి రెండు కిట్లకే డబ్బాల ఖర్చు తడిసి మోపెడవుతుంది.

చప్పుడు అస్సలు పనికిరాదనుకునేవాళ్లు ఫ్రిజ్ మోటారు తరహా నూనె కంప్రెసర్లు చూడొచ్చు. చాలా నిశ్శబ్దం, ఖరీదూ బరువూ ఎక్కువ, పక్కకు పడేస్తే నూనె కారుతుంది. మొదటిసారికి అంత దూరం వెళ్లక్కర్లేదు.

కంప్రెసర్ మీద తప్పకుండా ఉండాల్సినవి: ట్యాంకు, తనంతట తాను ఆగే స్విచ్, రెగ్యులేటర్, గేజ్, తేమ పట్టే మాయిశ్చర్ ట్రాప్, సేఫ్టీ వాల్వ్. గేజ్ ముఖం మీద అంకెలు ఎంతవరకు ఉన్నాయో చూడండి. 10 బార్ దాకా ఉన్న గేజ్ మీద 15కూ 20 పీఎస్ఐకీ తేడా ముల్లు మందమంతే. మనకు పనికొచ్చే భాగం విశాలంగా కనిపించే గేజ్ కావాలి.

6. గాలిలో నీళ్లు

మాయిశ్చర్ ట్రాప్ లేకుండా కంప్రెసర్ కొనడం ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్టే. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. ఆ వేడిగాలి చల్లబడగానే అందులోని తేమ నీటిచుక్కలవుతుంది. వానాకాలంలో, ఉక్క ఎక్కువున్న చోట గంట పనికే ట్రాప్ గిన్నెలో నీళ్లు కనిపిస్తాయి. ఆ చుక్క గొట్టంలోంచి వచ్చి అప్పుడే కొట్టిన నల్లరంగు మీద ఉమ్మినట్టు పడిందంటే, పొర ఆరాక రుద్ది మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

ఒక మెలిక ఉంది. ట్రాప్ వేడి కంప్రెసర్‌ను ఆనుకుని ఉంటే, గాలి ఇంకా వెచ్చగా ఉండగానే దాన్ని దాటిపోయి, గొట్టంలో చల్లబడి అక్కడ చుక్క కడుతుంది. అందుకే కొందరు గొట్టం చివర, చేతి దగ్గర, ఇంకో చిన్న ట్రాప్ పెట్టుకుంటారు. తేమ ఎక్కువున్న ఊళ్లలో అది దండగ కాదు. పని అయ్యాక ట్యాంకు అడుగున ఉన్న మర కాస్త వదులు చేసి నీళ్లు వదిలేయండి. మొదటిసారి వదిలినప్పుడు తుప్పు రంగు నీళ్లు వస్తే కంగారు పడకండి, ఇకమీదట రోజూ వదలాలని గుర్తు.

7. గొట్టం, మరలు, ఊపిరి

ఎయిర్‌బ్రష్ కింది మర ఎక్కువ బ్రాండ్లలో 1/8 అంగుళం. బ్యాడ్జర్, పాషె మాత్రం తమ సొంత సైజు వాడతాయి, వాటికి అడాప్టర్ కావాలి. కంప్రెసర్ వైపు 1/8 ఉంటుంది, 1/4 కూడా ఉంటుంది. రెండు వైపులా కొలత చూసుకోకుండా కొంటే, అన్నీ ఇంటికొచ్చాక ఒక్క ఇత్తడి ముక్క కోసం వారం ఆగాలి. రెండు మూడు మీటర్ల అల్లిక గొట్టం, ఒక క్విక్ రిలీజ్ కప్లింగ్ తీసుకోండి. కప్లింగ్ ఉంటే ఒక్క నొక్కుతో ఎయిర్‌బ్రష్ ఊడొచ్చి, సింకు దగ్గరికి గొట్టం ఈడ్చుకెళ్లే బాధ తప్పుతుంది.

ఊపిరి సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఆక్రిలిక్ వాసన రాదు కాబట్టి ఏమీ కాదనుకుంటారు. వాసన లేకపోయినా రంగు రేణువులు గాల్లో ఉంటాయి, అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. లాకర్, ఎనామెల్ అయితే ఆవిరి కూడా తోడు. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు ఆ ఆవిరిని ఆపలేవు. సేంద్రియ ద్రావకాల ఆవిరిని పట్టే కార్ట్రిడ్జ్, దానిమీద రేణువుల ఫిల్టర్ ఉన్న రబ్బరు మాస్కు కావాలి. మాస్కు వేసుకున్నా వాసన తెలుస్తోందంటే కార్ట్రిడ్జ్ పని అయిపోయిందనో, మాస్కు ముఖానికి సరిగ్గా అతుక్కోలేదనో అర్థం. స్ప్రే బూత్ (తుంపరను పీల్చుకునే ఫ్యాన్ పెట్టె) ఉంటే దాని గొట్టం కిటికీ బయటికి పోవాలి. గదిలోకే తిరిగి వదిలే బూత్ రేణువులను ఆపుతుంది గానీ ఆవిరిని ఆపదు. లాకర్ కొట్టే గదిలో దీపం, పొయ్యి, సిగరెట్ ఉండకూడదు.

డబ్బు సరిపోకపోతే ఎక్కడ తగ్గించాలి? నా వరస ఇది: ముందు మాస్కు, తర్వాత ట్యాంకూ ట్రాపూ ఉన్న కంప్రెసర్, ఆ తర్వాత ఎయిర్‌బ్రష్. ఎయిర్‌బ్రష్‌ను ఏడాదికో రెండేళ్లకో మార్చుకుంటారు. మంచి కంప్రెసర్ నాలుగైదు ఎయిర్‌బ్రష్‌లు మారినా అలాగే కూర్చుంటుంది.

8. మొదటి రోజు

రంగు సీసా జోలికి అప్పుడే వెళ్లకండి. మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి బిగించండి, ఎయిర్‌బ్రష్ దగ్గర వాషర్ ఉంటే టేపు వద్దు. కంప్రెసర్ ఆన్ చేసి, అది దానంతట అది ఆగాక స్విచ్ కట్టేసి, గేజ్ ముల్లు ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి. అరగంట తర్వాత చూడండి. ముల్లు బాగా దిగిందంటే ఎక్కడో కారుతోంది. ఒక్కో అతుకు మీద సబ్బునీళ్లు రాస్తే బుడగలే చోటు చూపిస్తాయి.

ప్రెషర్ పెట్టేటప్పుడు మీట నొక్కి పట్టుకుని, గాలి పోతుండగా గేజ్ చూసి తిప్పండి. ఊరికే ఉన్నప్పుడు 20 చూపించే ముల్లు గాలి వదలగానే 15కు పడొచ్చు. పని ప్రెషర్ అంటే ఆ రెండోదే.

కప్పులో నీళ్లు పోసి మీట అలవాటు చేసుకోండి. వరస ఎప్పుడూ ఒకటే: ముందు గాలి, తర్వాత రంగు, ఆపేటప్పుడు ముందు రంగు, తర్వాత గాలి. గాలి ముందు ఆపేస్తే కొన మీద మిగిలిన చుక్క, మళ్లీ మొదలుపెట్టగానే బొమ్మ మీద చిట్లుతుంది. నీళ్ల తర్వాత, నీళ్లలో కాస్త సిరా కలిపి కాగితం మీద చుక్కలు పెట్టండి. ఒకే సైజు చుక్కలు వరసగా ఇరవై పెట్టగలిగితే, ఆ చుక్కలను కలుపుతూ గీతలు. చెయ్యి కదపడం మొదలయ్యాకే మీట లాగాలి, చెయ్యి ఆగకముందే వదలాలి.

ఈలోపు కప్పులో బుడగలు వస్తుంటే గాలి రంగు దారిలోకి చొరబడుతోంది: నాజిల్ సరిగ్గా కూర్చోలేదు లేదా చీలింది. మీట లాగకుండానే రంగు వస్తుంటే సూది చివరిదాకా ఆనలేదు, లేదా నాజిల్లో ఎండిన రంగు ఉంది. తుంపర ఒక పక్కకే పోతుంటే సూది కొన వంగింది.

ఇక రంగు. ఎంత పలచన చేయాలన్నదానికి అంకె చెప్పడం కష్టం, సీసా సీసాకూ మారుతుంది. నేను చూసే పద్ధతి: కలిపిన రంగులో కుంచె ముంచి కప్పు గోడకు తాకిస్తాను. రంగు వెంటనే జారిపోతూ వెనక పలచటి తెర మిగల్చాలి. గోడకు ముద్దలా అంటుకుంటే ఇంకా థిన్నర్ కావాలి, తెర కూడా మిగలకుండా నీళ్లలా దిగిపోతే రంగు ఎక్కువ కావాలి. వయేహో మోడల్ ఎయిర్ లాంటివి ఎయిర్‌బ్రష్ కోసమే పలచగా వస్తాయి, వాటికీ రెండు చుక్కల థిన్నర్ వేస్తే ఇంకా బాగా నడుస్తాయి.

15 పీఎస్ఐ దగ్గర, మూడు నాలుగు అంగుళాల దూరం నుంచి పాత ప్లాస్టిక్ ముక్క మీద కొట్టి చూడండి. చుక్క చుట్టూ సాలీడు కాళ్లలా పాకితే రంగు మరీ పలచన, లేదా ప్రెషర్ ఎక్కువ, లేదా మరీ దగ్గరగా ఉన్నారు. పొర గరుకుగా, పిండి చల్లినట్టుగా వస్తే దారిలోనే ఆరిపోతోంది: దగ్గరికి జరగండి, లేదా ప్రెషర్ తగ్గించండి. మధ్యలో రంగు రావడం తగ్గితే ప్రెషర్ పెంచకండి. సూది కొన చూడండి. థిన్నర్‌లో తడిపిన మెత్తటి కుంచెతో కొన మీది గడ్డ తుడిస్తే చాలాసార్లు అంతే సంగతి.

రంగు మార్చేటప్పుడు కప్పు తుడిచి, థిన్నర్ పోసి, నాజిల్ ముందు గుడ్డ అడ్డుపెట్టి మీట కొద్దిగా లాగండి. గాలి వెనక్కి తన్ని కప్పులో బుడగలు లేపి దాక్కున్న రంగును కక్కిస్తుంది. తుంపర రంగు లేకుండా వచ్చేదాకా రెండు మూడుసార్లు చేయండి. రోజు చివర సూది తీసి తుడవండి, గుడ్డను లావు వైపు నుంచి కొన వైపుకే లాగాలి. ఎయిర్‌బ్రష్ మొత్తాన్ని థిన్నర్‌లో నానబెట్టకండి, వాషర్లు పాడవుతాయి. అమోనియా కలిసిన గాజు క్లీనర్లతో కూడా జాగ్రత్త, ఎక్కువసేపు ఉంటే ఇత్తడిని తినేస్తాయి.

మొదటి కిట్ మీద కొట్టేటప్పుడు యుద్ధట్యాంకు అయితే అడుగుభాగంతో, విమానం అయితే చక్రాల గూళ్ల లోపలితో మొదలుపెట్టండి. అతికించాక అక్కడికి ఎవరి చూపూ పోదు.